ఇంజిన్ విప్పకముందే

1983 మే 5 ఉదయం మయామి నుంచి బహామాస్ రాజధాని నసావుకి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి బయల్దేరింది. మూడు ఇంజిన్ల లాక్‌హీడ్ ట్రైస్టార్. లోపల 172 మంది. నసావు దగ్గర పడుతుండగా మధ్య ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ తగ్గిందని లైటు వెలిగింది. సిబ్బంది ఆ ఇంజిన్ ఆపేసి మయామికి వెనుదిరిగారు. కాసేపటికి మిగిలిన రెండింటికీ మీటర్లు సున్నా చూపించాయి. మూడు ఇంజిన్లలోనూ ఒకేసారి ఆయిల్ ఎలా పోతుంది, మీటర్లే చెడిపోయి ఉంటాయి అనుకున్నారు. మీటర్లకు ఏమీ కాలేదు. ఆ రెండు ఇంజిన్లూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. సముద్రంలో దిగాల్సి రావచ్చని ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు వేయించారు. చివరికి, మొదట ఆపేసిన ఆ మధ్య ఇంజిన్నే మళ్లీ స్టార్ట్ చేసి, దానితోనే మయామిలో క్షేమంగా దిగారు.

కారణం ముందురోజు రాత్రి షెడ్డులో ఉంది. ఆయిల్‌లో ఇనుప రజను ఏమైనా ఉందేమో పట్టి చూపే అయస్కాంతపు ప్లగ్గులు ఒక్కో ఇంజిన్‌కీ ఉంటాయి. మెకానిక్‌లు వాటిని మార్చారు. మామూలుగా ఆ ప్లగ్గులు, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు ముందే తొడిగి చేతికి వచ్చేవి. ఆ రాత్రి స్టోర్ నుంచి తెచ్చినవాటికి రింగులు లేవు. ఎప్పటిలాగే ఉండి ఉంటాయనుకుని బిగించేశారు. ఇంజిన్‌ని తిప్పి చూశారు గానీ, కారడం బయటపడేంతసేపు తిప్పలేదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది ఇదే.

విమానానికీ వీధి చివర గ్యారేజీలో ఆయిల్ మార్పించుకున్న కారుకీ పోలిక ఏమిటని అనిపించవచ్చు. తప్పు జరిగే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే. పెద్ద పనులు చేసేటప్పుడు మెకానిక్ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. రోజుకు పదిసార్లు చేసే చిన్న పనిలో, మధ్యలో ఫోన్ మోగినప్పుడో, కుర్రాడికి అప్పగించి వేరే బండి దగ్గరికి వెళ్లినప్పుడో, ఒక నట్టు సగం బిగింపుతో మిగిలిపోతుంది. ఇంకో పాఠం కూడా అందులోనే ఉంది. ఆ రోజు అక్కరకొచ్చింది వెంటనే ఆపేసిన ఇంజిన్. చివరిదాకా నడిపినవి రెండూ పోయాయి.

చిన్న పెట్రోల్ కారు ఇంజిన్‌లో ఉండేది మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్. క్రాంక్ షాఫ్ట్ తన బేరింగుల మీద నేరుగా ఆనదు, ఒత్తిడితో వచ్చే పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. డ్రెయిన్ బోల్టు ఊడిపోతే ఆ మూడు లీటర్లూ రోడ్డు పాలవుతాయి. పొర పోయాక ఇనుము ఇనుముని రాస్తుంది, బేరింగు షెల్లులు వేడెక్కి అరిగిపోతాయి, కింది నుంచి టకటకమని చప్పుడు మొదలవుతుంది. ఆ తర్వాత ఇంజిన్ పట్టేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్రలైటు వెలిగిన క్షణానికీ ఇంజిన్ పట్టేయడానికీ మధ్య ఉండే వ్యవధి చాలా తక్కువ. పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగితే మెల్లగా వర్క్‌షాపుదాకా వెళ్లవచ్చు. ఎర్ర ఆయిల్ లైటుకి ఆ సావకాశం లేదు.

ఒక కారు ఉదయం విజయవాడ ఆటోనగర్‌లో సర్వీసు చేయించుకుని హైదరాబాద్ బయల్దేరిందనుకుందాం. నందిగామ దాటాక ఎర్రలైటు వెలిగింది. ఇలాంటప్పుడు డ్రైవర్ మనసులో వచ్చే మొదటి మాట, “ఇప్పుడే కదా ఆయిల్ మార్చారు, సెన్సార్‌దేదో అయి ఉంటుంది” అని. రెండోది, “జగ్గయ్యపేట దగ్గరే, అక్కడ చూపిద్దాం” అని. మొదటిది ఆ పైలట్లు అనుకున్న మాటే. రెండోది ఇంజిన్‌తో పాటు పరిహారాన్నీ దెబ్బతీస్తుంది. రేపు గ్యారేజీ యజమాని అడగబోయే మొదటి ప్రశ్న, “లైటు వెలిగాక ఎంత దూరం నడిపారు?” అనే. పక్కకు తీసి వెంటనే ఆపేసిన మనిషికి దానికి జవాబు ఉంటుంది.

ఆపాక మళ్లీ స్టార్ట్ చేసి చూడకూడదు. తోయించి స్టార్ట్ చేయడం అంతకన్నా చేటు. రోడ్డు పక్క సురక్షితంగా నిలిపి, హజార్డ్ లైట్లు వేసి, ఫోన్ తీయాలి. తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు లైట్లు, కిలోమీటర్ల అంకె కనిపించేలా ఒక ఫొటో. డిప్‌స్టిక్ బయటికి తీసి, తుడవకముందు ఒకటి, తుడిచి ముంచాక ఒకటి. కారు అడుగుభాగం, ఆయిల్ చాంబర్ చుట్టూ తడి, వెనకాల రోడ్డు మీద నల్లటి చారిక ఉంటే అదీ. రోడ్డు మీది చారిక సాయంత్రానికి దుమ్ము పట్టి చెరిగిపోతుంది. కింద బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం కనిపిస్తే, అంతకు మించిన సాక్ష్యం దొరకదు. టోయింగ్ బండి వచ్చి కారుని కదిలించకముందే ఇవన్నీ తీసుకోవాలి.

అక్కడి నుంచి చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు కోపంతో దగ్గర్లో ఉన్న వేరే మెకానిక్ చేత ఇంజిన్ విప్పించేస్తారు. “ఎవరు బిగించారండీ దీన్ని?” అని ఆయన అన్న మాట ఊరట కలిగిస్తుంది గానీ, ఆయన చెయ్యి పడ్డాక ఎవరు ఏం బిగించారో తేల్చడం అసాధ్యమవుతుంది. ఇంకొందరు బండిని పాత గ్యారేజీకే పంపించి ఇంటికి వెళ్లిపోతారు. మర్నాటికి ఇంజిన్ ముక్కలుగా బల్ల మీద ఉంటుంది, పాత ఫిల్టర్ చెత్తబుట్టలో ఉంటుంది, “పాత ఇంజిన్ సార్, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే” అనే మాట వినిపిస్తుంది. రెండింటిలోనూ పోయింది ఒకటే, తప్పు జరిగిన చోటు ఎవరూ ముట్టుకోకముందు ఎలా ఉందో చూపే అవకాశం. గ్యారేజీ తప్పు వల్ల ఇంజిన్ పోయినప్పుడు గొడవంతా నష్టం ఎంత అన్నదాని మీద ఉంటుందనుకుంటారు. ఎక్కువసార్లు అది కారణం ఏమిటన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ కారణం బిగించి ఉన్న ఇంజిన్‌లోనే ఉంటుంది.

ఒక్కో తప్పు ఒక్కో గుర్తు వదిలిపోతుంది. అన్నిటికన్నా స్పష్టమైనది ఆయిల్ ఫిల్టర్ దగ్గర దొరుకుతుంది. పాత ఫిల్టర్ తిప్పి ఊడదీసినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అంటుకుపోతుంది. మెకానిక్ చూసుకోకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తాడు. కొత్తదానికీ రింగు ఉంటుంది కదా, ఇప్పుడు ఒకదాని మీద ఒకటి రెండయ్యాయి. షెడ్డులో పది నిమిషాలు నడిపినా ఒక్క చుక్క కారకపోవచ్చు. హైవే మీద ప్రెషర్ పెరిగాక పై రింగు పక్కకు జారుతుంది, ఆయిల్ ఎగజిమ్ముతుంది. తర్వాత అందరి ఎదుటా ఫిల్టర్ విప్పితే లోపల గట్టిపడి నల్లబారిన పాత రింగు ఒకటి, మెత్తగా మెరుస్తున్న కొత్తది ఒకటి జంటగా కనిపిస్తాయి. అంతటితో వాదన ముగుస్తుంది. ఆ ఫిల్టర్‌ని ఎవరూ లేనప్పుడు విప్పితే మాత్రం రెండో రింగు ఉండేదని చెప్పడానికి మనిషి మాట తప్ప ఏమీ మిగలదు.

డ్రెయిన్ బోల్టు కథ వేరు. అల్యూమినియం చాంబర్ మీద బోల్టుని అతిగా బిగిస్తే మరలు కోసుకుపోతాయి. బైకుల్లో ఇది మరీ ఎక్కువ. విప్పి చూసినప్పుడు ఆ మరల చుట్టూ టెఫ్లాన్ టేపో, సిలికాన్ పేస్టో పూసి ఉంటే, మరలు పోయాయని ఎవరో గమనించి కప్పిపుచ్చారన్న మాట. అది ఈసారి చేసిందా, పాత సర్వీసులో జరిగిందా అన్నది తేల్చుకోవాల్సిన సంగతి.

టైమింగ్ బెల్టు పని ఖరీదైన ఇబ్బంది తెచ్చిపెడుతుంది. రెనో డస్టర్ డీజిల్, ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్ లాంటి వాటిలో ఈ బెల్టు ఉంటుంది. ఒకటి రెండు పళ్లు అటూఇటూగా ఎక్కిస్తే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవచ్చు. బెల్టు తెగకుండా గుర్తులు మాత్రం తప్పి ఉంటే బిగింపు మీద అనుమానం పడుతుంది. తెగి ఉంటే బెల్టు నాణ్యత, టెన్షనర్, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. కూలెంట్ మార్చినప్పుడు గాలి బయటికి తీయకపోయినా, గొట్టం క్లిప్పు వదులుగా వదిలేసినా ఇంజిన్ వేడెక్కి హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఇక్కడ చూడాల్సింది క్లిప్పు ఉన్న చోటు, ట్యాంకులో మిగిలిన నీళ్ల రంగు.

సర్వీసు తర్వాత పాడైన ప్రతి ఇంజిన్ సర్వీసు వల్లే పాడవదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, నెలనెలా ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌కి ఆయిల్ మార్చిన వారానికి చప్పుడు వస్తే, ఆ తప్పు పానా పట్టిన కుర్రాడిది కాకపోవచ్చు. రాయి తగిలి చాంబర్ పగలవచ్చు. ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద అడుగు తగలవచ్చు. అందుకే ఇద్దరి ఎదుటా విప్పడం గ్యారేజీకి కూడా రక్షణే. నిజాయతీగల మేస్త్రీ దానికి ఒప్పుకోకపోవడానికి కారణం ఉండదు.

అదే రోజు రాతపూర్వకంగా ఒక మాట పంపాలి. ఫోన్‌లో అరగంట గొడవపడే బదులు వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు చాలు. “నమస్కారం మేస్త్రీ గారూ. ఈ ఉదయం మీ దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్పించిన కారు నందిగామ దాటాక ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఆపేశాను. ఫొటోలు పంపుతున్నాను. బండిని మీ షెడ్డుకు టో చేయిస్తున్నాను. నేను వచ్చేదాకా ఇంజిన్ గానీ ఫిల్టర్ గానీ విప్పవద్దు, ఏ పాత భాగమూ పారేయవద్దు. రేపు పది గంటలకు ఇద్దరం కలిసి చూద్దాం.” ఇందులో నింద లేదు, బెదిరింపు లేదు. తేదీ, సమయం, పని వివరం, కోరిక ఉన్నాయి. దానికి “సరే సార్, రండి” అని జవాబు వచ్చినా అది కూడా కాగితమే. బిల్లు ఇవ్వలేదన్న బాధ చాలామందికి ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపు, ముందురోజు బండి ఎప్పుడు తీసుకురావాలని అడిగిన మెసేజ్, ఆ రోజు షెడ్డులో తీసిన ఫొటో, ఇవన్నీ కలిపితే సేవ పొందిన సంగతి రుజువవుతుంది.

విప్పేటప్పుడు మూడో మనిషి ఉండటం మంచిది. తెలిసిన మెకానిక్ కన్నా ఆటోమొబైల్ ఇంజినీరో, మోటారు బీమా నష్టాలు అంచనా వేసే లైసెన్సున్న సర్వేయరో అయితే ఆయన రాసిచ్చే నివేదికకు తర్వాత బరువు ఉంటుంది. మొత్తం పని ఆపకుండా వీడియో తీయాలి. మిగిలిన ఆయిల్‌ని శుభ్రమైన డబ్బాలోకి దింపి ఎంతుందో కొలవాలి. కొంత సీసాలో పోసి, మూత మీద కాగితం అంటించి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ ఆయిల్ వెలుగులో బంగారపు నలకల్లా మెరుస్తుంటే బేరింగులు అరిగాయన్న మాటే. తీసిన షెల్లులు, బోల్టు, రింగులు ఒక సంచిలో వేసి యజమాని దగ్గర ఉంచుకోవాలి.

ఆ తర్వాత మాట్లాడుకోవడం. ఇక్కడ పరిస్థితిని బట్టి మెలగాలి. పేటలో ఒక షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లతో బతికే మేస్త్రీకి క్రాంక్ గ్రైండింగ్, బోరు, కొత్త బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు కలిపి అయ్యే ఖర్చు కొన్ని నెలల సంపాదన కావచ్చు. ఆయన తప్పు ఒప్పుకుని, “అన్నా, పనంతా నేను చేస్తా, కూలీ ఒక్క రూపాయి వద్దు, లేత్ బిల్లు కూడా నాదే, సామాను మాత్రం ఒకేసారి పెట్టలేను” అంటే, ఆ మాట నిలబడేలా వాయిదాలకు ఒప్పుకోవడం వినియోగదారుల కమిషన్ మెట్లెక్కడం కన్నా చాలా సందర్భాల్లో మేలు. నలుగురి ముందు ఆయన్ని అవమానిస్తే ఆ ఒప్పుకోలు వెనక్కి పోతుంది. అయితే ఒప్పందం కాగితం మీద పడాలి. ఏ భాగాలు, ఏ కంపెనీవి, లేత్ పని ఎక్కడ చేయిస్తారు, ఎన్ని రోజులు, టోయింగ్ ఖర్చు ఎవరిది, పని అయ్యాక ఎన్ని నెలల గ్యారంటీ అన్నవన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

“సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేసిస్తాం, రెండు రోజుల్లో బండి రెడీ” అనే బేరం ఆకర్షణీయంగా ఉంటుంది. తొందరపడకూడదు. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఇంజిన్ మారితే ఆర్టీఓ కార్యాలయంలో ఆ మార్పు నమోదు చేయించాలి. ఆ సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఎక్కడిదో చెప్పే బిల్లు లేకపోతే నమోదు జరగదు, బండి అమ్మేటప్పుడూ బీమా క్లెయిమ్ అప్పుడూ చిక్కులొస్తాయి. దొంగబండి నుంచి ఊడదీసిన ఇంజిన్ అయితే పోలీసు స్టేషన్‌లో జవాబు చెప్పాల్సింది కారు యజమానే.

కొన్ని గ్యారేజీలు ఎదురు డబ్బు అడుగుతాయి, “బిల్లు కట్టి బండి తీసుకెళ్లండి” అని. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం చేసిన పనికి డబ్బు వచ్చేదాకా వస్తువుని తన దగ్గర ఉంచుకునే హక్కు పనివాడికి ఉంది. అదే చట్టం 151వ సెక్షన్, తన చేతికి అప్పగించిన వస్తువుని సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత కూడా అతని మీద పెట్టింది. బండి బయటికి రావడమే ముఖ్యమైతే, “అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు” అని రాసి కట్టి తీసుకోవచ్చు. “పని సంతృప్తికరం” అని అచ్చేసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకూడదు. బిల్లు వెనక “యజమాని సొంత బాధ్యత మీద” అని అచ్చేసి ఉంటుందని భయపడనక్కర్లేదు. ఆ ఒక్క వాక్యంతో కేసు మూసుకుపోదు.

కంపెనీ ఆథరైజ్డ్ సర్వీసు సెంటర్‌లో తప్పు జరిగితే ముందు సర్వీసు మేనేజర్‌కి, తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ చేయాలి. అయితే కంపెనీయే అన్నీ భరిస్తుందని అనుకోవడానికి లేదు. 2009లో తయారైన కారుని గోవాలో 2011లో కొత్తదిగా అమ్మారన్న కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పునిస్తూ, డీలర్ తప్పులో టాటా మోటార్స్‌కు పాత్ర ఉన్నట్టు రుజువు లేనప్పుడు, ఇద్దరూ వేర్వేరు వ్యాపారులుగా ఒప్పందం చేసుకున్నప్పుడు, కంపెనీని బాధ్యురాలిని చేయలేమంది. అది అమ్మకం కేసు. అయినా సర్వీసు వివాదాల్లోనూ కంపెనీలు ఇదే వాదన తెస్తాయి. ఫిర్యాదులో డీలర్ చేసిన తప్పు ఏమిటో స్పష్టంగా, విడిగా రాయాలి.

మాటలతో తేలకపోతే ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పెద్ద సంస్థలు దీనికి త్వరగా కదులుతాయి, చిన్న షెడ్డు మీద అంత ప్రభావం ఉండదు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సామాన్యుడికి పనికొచ్చే మార్పులు రెండున్నాయి. ఒకటి, గ్యారేజీ ఎక్కడున్నా ఫిర్యాదుదారు తాను ఉంటున్న లేదా పని చేస్తున్న జిల్లాలో కేసు వేయవచ్చు. విజయవాడలో సర్వీసు చేయించిన హైదరాబాద్ మనిషి హైదరాబాద్‌లోనే వేసుకోవచ్చు. రెండు, ఏ కమిషన్‌కి వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి తేలుతుంది. అది 50 లక్షలదాకా జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షలదాకా ఫీజు లేదు. ఐదారు వేల సర్వీసు వల్ల లక్ష రూపాయల ఇంజిన్ పోయినా ఫీజు కట్టనక్కర్లేదు. లాయరు తప్పనిసరి కాదు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే ఆటో, టాక్సీ యజమాని కూడా వినియోగదారుడే.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. పరీక్షలు అవసరం లేని కేసు 3 నెలల్లో, అవసరమైనది 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకన్నా చాలా ఎక్కువ పడుతుందని సిద్ధపడి వెళ్లాలి. అన్నాళ్లు బండిని విప్పి వదిలేయలేరు గనుకనే నిపుణుడి నివేదిక, వీడియో, సంచిలోని భాగాలు ముందే చేతిలో ఉండాలి. అవి ఉంటే ఇంజిన్ వేరేచోట బాగు చేయించుకుని ఆ బిల్లుల మొత్తాన్ని అడగవచ్చు. అంతకుముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపి, తాము బాగు చేస్తారా లేదా చెప్పమని 15 రోజుల గడువిస్తే, అవకాశమే ఇవ్వలేదన్న వాదన కూడా ఉండదు.

బీమా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. మామూలు సమగ్ర పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లో ఉంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే దాని షరతులు చదివి చూడాలి. వరద నీరు, అడుగు తగిలి ఆయిల్ కారడం లాంటివాటికి వర్తించినా, పనితనంలో లోపాన్ని చాలా పాలసీలు పక్కన పెడతాయి.

బాగైన ఇంజిన్ చేతికొచ్చాక కూడా కొన్ని పనులు మిగిలే ఉంటాయి. డెలివరీ రోజు షెడ్డులోనే పావుగంట నడిపించి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూడాలి. కింద పాత దినపత్రిక పరిచి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏ చుక్క ఎక్కడి నుంచి పడుతోందో తెలిసిపోతుంది. కొత్త రింగులు, బేరింగులు వేసిన ఇంజిన్‌ని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువెక్కించకుండా, ఒకే వేగంతో గంటలకొద్దీ లాగించకుండా నడపాలి. 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్, ఫిల్టర్ మార్చడం మెకానిక్‌ల అలవాటు, కొత్త భాగాలు రాసుకుని వచ్చిన రజనంతా అప్పుడు బయటికి పోతుంది. ఆ ఆయిల్ ఖర్చు కూడా గ్యారేజీదేనని ఒప్పందం కాగితంలో ముందే రాయించుకోవాలి, మార్చేటప్పుడు పక్కనే నిలబడి పాత ఫిల్టర్ రింగు దానితోపాటే వచ్చిందో లేదో చూడాలి.